టీవీ బొమ్మకు నాటు చూపిన అవ్వ

తెల్లవారుజామున ఫజర్ నమాజు ముగించి, కింద పరిచిన జానిమాజ్ మడుస్తుంటే గోడ అవతల పక్కింటి కోడలి ఏడుపు వినబడింది. కామారెడ్డి నుంచి ఫోను వచ్చిందట. రెండు రోజుల కింద ఆయాసం ఎక్కువై అక్కడి ఆసుపత్రికి తీసుకుపోయిన మా పక్కింటి అవ్వ ఇక లేదు. మడిచిన జానిమాజ్ మళ్లీ పరిచాను. నాకు వచ్చిన మాటల్లోనే ఆమె కోసం అల్లాను అడిగాను. తర్వాత తలుపు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను.

అవ్వ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మా వీధిలో ఏదైనా అడిగే మనిషంటూ ఉంటే అది అవ్వే. అడిగేవాళ్లు పోయాక మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా ఉంటాయో ఇప్పుడు తెలుస్తోంది. అందుకే రాస్తున్నాను.

ఎల్లారెడ్డిలో మా రెండిళ్లకూ ఒకటే గోడ. అవ్వది నాగిరెడ్డిపేట వైపు ఊరు. పోచారం ప్రాజెక్టు నీళ్ల కింద కొంత వరి పొలం ఉంది. నడుము సహకరించక పొలాన్ని తమ్ముడికి అప్పగించి, ఇక్కడ మోటార్ల రిపేరు దుకాణం పెట్టుకున్న కొడుకు దగ్గరికి వచ్చింది. నేనూ మా చెల్లెలూ ఇంట్లోనే జాకెట్లు కుడతాం. తోబుట్టువుల్లో నేను పెద్దదాన్ని. అందుకని ఇంట్లోవాళ్లే కాదు, వీధి మొత్తం నన్ను ఆపా అంటుంది. అవ్వ ఒక్కతే "బిడ్డా" అనేది. ఈ వయసులో నన్ను అలా పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు.

వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం నా మిషన్ పక్కన కూర్చుని చాలాసేపు సూదినే చూసింది.

"బిడ్డా, పై దారం కనవడ్తున్నది. కింది దారం దీన్ని ఎట్ల పట్టుకుంటది?"

ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. చెప్పబోయి ఆగిపోయాను, నాకు సరిగా తెలియదు. మిషన్ తల వెనక్కి వాల్చి, చక్రం మెల్లగా తిప్పుతూ ఇద్దరం కిందికి వంగి చూశాం. కింద ఉన్న కొక్కెం పై దారాన్ని లాగి, దారపు డబ్బీ చుట్టూ తిప్పి వదిలింది. అవ్వ చేతులు చరిచింది. "గిదా సంగతి! ముడి గాదు, కౌగిలి!" అంది. ఆ రోజు నుంచి మిషన్ నాకు కొంచెం కొత్తగా కనిపిస్తుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అవ్వ మా ఇంటికి వచ్చేది. గడపకు వీపు ఆనించి కాళ్లు చాపుకునేది. కిందపడ్డ గుడ్డ ముక్కల్ని రంగుల వారీగా ఏరిపెట్టేది. నేనూ చెల్లెలూ మాట్లాడుకునేది ఉర్దూ. అవ్వ వచ్చిందంటే మాట తెలుగులోకి తిరిగేది. టీవీ నడుస్తూనే ఉండేది. ఆ వేళలో చెల్లెలికి ఇష్టమైనది సరుకులు అమ్మే ఛానెల్. కొనడానికి కాదు, నవ్వడానికి. కూరగాయలు తరిగే డబ్బాల మీదా నడుము బెల్టుల మీదా ఒకటో రెండో మాటలతో సరిపెట్టేది. గోడకు పెట్టుకునే బొమ్మల అమ్మకం మొదలైతే మాత్రం మిషన్ ఆపేసేది.

మీరూ చూసే ఉంటారు. పట్టుచీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ పక్కన నిలబడి, ఇది మీ హాల్లో ఉంటే మీ ఇంటి హోదాయే మారిపోతుందంటుంది. పూర్తిగా చేత్తో వేసినదంటుంది. ఇంక మూడే మిగిలాయి, త్వరపడండి అంటుంది.

"నిన్న మూడే ఉండె, ఇయ్యాల గూడ మూడే ఉన్నయి," అనేది చెల్లెలు. "గా గుర్రాలు రాత్రికి పిల్లలు పెడ్తున్నయా ఏంది అవ్వా?"

జాకెట్లకు వచ్చిన ఆడవాళ్లు కూడా అందుకునేవాళ్లు. హంసల మెడలు సొరకాయల్లా ఉన్నాయని ఒకరు. ఆ జలపాతం మన ఇంట్లో పెడితే నల్లా బిల్లు వస్తుందని ఒకరు. నాకూ నవ్వు వచ్చేది. అవ్వ మాత్రం చెయ్యి అడ్డం పెట్టేది.

"నవ్వుదం తియ్యి, ముందుగాల సూడనీ."

చూసేది. కళ్లు చికిలించి, మెడ ముందుకు చాచి చూసేది. తర్వాత నవ్వాల్సి వస్తే మా అందరికంటే గట్టిగా నవ్వేది. కానీ చూడకముందు ఎన్నడూ నవ్వలేదు. హంసల బొమ్మను చూసి నవ్వలేదు. "నీళ్లల్ల నీడ మంచిగ దించిండు, మెడ సంగతే తెల్వకపాయె," అంది. చెల్లెలికి అప్పుడు నీడ కనిపించింది.

నిరుడు వానాకాలం, నాట్లు మొదలైన రోజుల్లో ఆ ఛానెల్‌లో ఒక కొత్త బొమ్మ వచ్చింది. పల్లె అందం అని దానికి పేరు పెట్టారు. ముగ్గురు ఆడవాళ్లు వంగి వరినాట్లు వేస్తున్నారు. ముఖాలు మన వైపే. ముద్దుగా బొట్లు, చెవులకు జుంకీలు. వాళ్ల వెనక పచ్చటి నాటు, ముందు ఖాళీ బురద.

చెల్లెలు జుంకీల మీద ఏదో అనబోతుంటే అవ్వ గడప దగ్గర్నుంచి లేచింది. టీవీకి జానెడు దూరంలో నిలబడింది.

"ఇదేందే! ముందట నాటి, దాని మీదికెళ్లే తొక్కుకుంట వచ్చిండ్రా?"

మాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె మా గదిలోనే కొంగు దోపి, వంగి, గుడ్డ ముక్కలు ఒక్కొక్కటి నేల మీద పెడుతూ వెనక్కి వెనక్కి నడిచి చూపించింది. నాటు వేసేవాళ్లు ఎప్పుడూ వెనక్కే నడుస్తారు. నాటింది కళ్ల ముందు ఉంటుంది, నాటాల్సిన బురద వీపు వెనక ఉంటుంది. బొమ్మలో అంతా తిరగబడింది.

"బురద దిక్కు నిలవడి సూస్తే మనకు వీపులు కనవడాలె. మొఖాలు ఎట్ల కనవడ్తయి?"

"వీపులు గీస్తే ఎవలు కొంటరు అవ్వా?" అంది చెల్లెలు.

"కొనుడు ఆమడ దూరం. గీసినాయనకు ఎవలన్న చెప్పాలె గద. పాపం, పొలం దిక్కు పోయినట్టు లేడు. టీవీ మీద నంబరున్నది, కలుపు."

అప్పటికి మధ్యాహ్నపు జొహర్ వేళయింది. నేను లోపలి గదిలో నమాజుకు నిలబడ్డాను. చెల్లెలు తమాషాకే నంబరు కలిపిందని నాకు తెలుసు. నమాజులో మాట్లాడలేను. చెవులు మాత్రం ఫోనులో అవ్వ మాటల మీదే ఉన్నాయి, అల్లా మన్నించాలి.

"బిడ్డా, మీ నాట్లేసే బొమ్మ ఉన్నది గద... ఆఁ, గదే, గదే... ఎల్లారెడ్డి. బస్టాండు దిగి మసీదు సందుల ఆపా ఇల్లంటే ఎవలైన సూపిస్తరు, పక్కిల్లే మాది... పొద్దంత ఇంట్లనే ఉంట బిడ్డా. ఎప్పుడైన రాండ్రి, బువ్వ తిని పోదురు."

నేను బయటికి వచ్చేసరికి అవ్వ ముఖం వెలిగిపోతోంది.

"వస్తమన్నరా?" అని అడిగాను.

"అడ్రసు రాసుకున్నరు. ఏ యాళ్లకు ఇంట్ల ఉంటవని అడిగిండ్రు. వారం పది దినాలు పడ్తదట. రానోళ్లు గివన్ని ఎందుకు అడుగుతరు?"

ఆమె వెళ్లాక చెల్లెలితో అన్నాను, ఫోనెత్తిన అమ్మాయి ఆర్డరు రాసుకున్నట్టుంది, ఫోను చేసి వద్దని చెప్పు అని. "రాసుకోనీ ఆపా. డబ్బా వచ్చినప్పుడు వద్దంటే వాళ్లే తీసుకుపోతారు. అంతదాకా కాస్త నవ్వుకుందాం," అంది. నేను ఊరుకున్నాను. తక్కువ మాట్లాడటం మంచి గుణమని నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఆ రోజు మాత్రం అది మంచి గుణం కాదు.

ఎందుకంటే మర్నాడే అవ్వ తమ్ముడికి ఫోను చేసింది. పొలమంతా నాట్లు వేయించుకో, మూల మడి మాత్రం ఆపు అని చెప్పింది.

"బొమ్మలు గీసేటాయన వస్తుండు. ఆయనకు నాటు సూపియ్యాలె."

అవతలి గొంతు మా దాకా వినబడింది. "ఏం బొమ్మనే అక్కా! నారు ముదిరితే బొమ్మ తింటమా?"

"ఒక్క మడే గద తమ్మీ. ఒడ్డు పక్కదే గద."

వరి నారుకు వయసుంటుంది. పీకాల్సిన రోజు దాటితే కణుపులు గట్టిపడతాయి. నాటినా పిలకలు సరిగా వెయ్యవు. ఇది నాకంటే అవ్వకే బాగా తెలుసు. అయినా ఆపింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కుర్చీని తుడిచి వాకిట్లో వేయించింది. నాగిరెడ్డిపేట బస్సు వేళలు కోడలితో రాయించుకుంది. ప్రతి సాయంత్రం తమ్ముడు ఫోను చేసి నారు ఎంత పెరిగిందో చెప్పేవాడు. ప్రతి సాయంత్రం అవ్వ "రేపు వస్తరు" అనేది.

అయిదో రోజు నాకు తట్టుకోవడం కష్టమైంది.

"అవ్వా, వాళ్లు రాకపోవచ్చు. వాళ్లు అమ్ముకునేటోళ్లు."

"అమ్ముకునేటోడే గద బిడ్డా, తప్పు లేకుంట అమ్మాలె? నీ జాకెటు చెయ్యి కురుచైతే నువ్వు ఊకుంటవా?"

 నిజం చెప్పడానికి వెళ్లి, సగం చెప్పి, తిరిగి వచ్చేశాను.

పదో రోజు వాకిట్లో బండి ఆగింది. అవ్వ కొంగు సర్దుకుని ఎదురెళ్లింది. ఒక మనిషి పొడుగాటి అట్టపెట్టె దించి సంతకం పెట్టమన్నాడు.

"గీసినాయన ఏడి?" అని బండి వెనక చూసింది అవ్వ.

"గాయన నాకెట్ల ఎరుక అవ్వా? నేను డబ్బలు ఇచ్చేటోన్ని. పైసలు కట్టుండ్రి."

కొడుకును దుకాణం నుంచి పిలిపించారు. వీధి పోగైంది. ఎవరో అన్నారు, అవ్వ ఇంటి హోదా ఇప్పుడు మారిందని. కొడుకు డబ్బు కట్టి, చమురు చేతులు తుడుచుకుంటూ విసుక్కున్నాడు. "ఏడు దినాల దాంక వాపస్ తీసుకుంటరట. రేపే తోలుదం. అందరు నవ్వుతున్నరే అవ్వా." మా చెల్లెలు మొదట నవ్వింది. తర్వాత అవ్వ ముఖం చూసి తల దించుకుంది.

 అవ్వ పెట్టె విప్పించి, బొమ్మను ఆ తుడిచిన కుర్చీ మీద నిలబెట్టింది. దగ్గరగా చూసింది. వెనక్కి తిప్పి చూసింది. "పేరు ఏడున్నది? గీసినాయన పేరు సదువు," అంది చెల్లెలితో.

"పేరు లేదవ్వా. నంబరు గుద్దిండ్రు."

"గంతేనా?"

కాసేపు ఆ నంబరు మీద వేలు పెట్టి ఉంచింది.

"అయితే ఈయన గూడ కైకిలోడే. ఎట్ల గీయమంటే గట్ల గీసిండు. పాపం, ఆయన్ని సూసి ఎందుకు నవ్వుడు?"

కైకిలి అంటే మా వైపు కూలి. అవ్వ పెళ్లికి ముందు పదేళ్లు కైకిలి నాట్లు వేసింది. ఆ మాట తర్వాత వాకిట్లో ఎవరూ నవ్వలేదు.

వాపసు సంగతి మాత్రం తెగ్గొట్టేసింది. "ఇంటికి రమ్మన్నది నేను. ఆయన రాలే, బొమ్మను తోలిండు. వచ్చినదాన్ని ఎట్ల ఎల్లగొడ్త?"

దేవుడి పటాల పక్కన ఇది వద్దని కోడలు అంది. కొడుకు ముందుగదిలో వద్దన్నాడు. సాయంత్రం అవ్వ బొమ్మను పట్టుకుని మా గడప దగ్గరికి వచ్చింది. "మీ టీవీలకెళ్లే వచ్చింది గద బిడ్డా. నీ గోడకు పెట్టు."

అప్పటిదాకా ఆమె నన్ను కోరింది ఇదొక్కటే. నేను కాదనాల్సి వచ్చింది.

"మేం నమాజు చేసే ఇల్లు అవ్వా ఇది. ముఖాలున్న బొమ్మ గోడకు పెట్టుకోం."

ఆమె నొచ్చుకుంటుందని భయపడ్డాను. అవ్వకు అది కూడా తెలుసుకోవాల్సిన సంగతే అయింది. ఎందుకని అడిగింది. నమాజు చేసేటప్పుడు మనసు ఏ రూపం మీదా నిలవకూడదని, నాకు తెలిసినంత చెప్పాను. తల ఊపుతూ వింది. తర్వాత బొమ్మ వైపు చూసి పెద్దగా నవ్వింది. ఆ పది రోజుల్లో అదే మొదటి నవ్వు.

"సూసినవా! ఈయన నాటు సక్కగ గీసి ఉంటే వీపులే కనవడేటివి. నీ ఇంట్ల ఉండేటిది!"

మర్నాడు పొద్దున నన్ను తోడు రమ్మంది. బొమ్మను దుప్పట్లో చుట్టి బస్సెక్కాం. కండక్టరు దుప్పటి మీద తట్టాడు.

"అవ్వా, దీనికి లగేజి కొట్టాల్నా?"

"లోపట ముగ్గురు ఆడోళ్లే ఉన్నరు కొడుకా. జీరో టికెట్ కొట్టు."

ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి లగేజి కొట్టకుండా వదిలేశాడు.

పొలంలో తమ్ముడు కోపంగానే ఉన్నాడు. చుట్టూ మడులన్నీ పచ్చగా తేరుకున్నాయి. మూల మడి ఒక్కటే మబ్బును చూపిస్తూ బురదగా పడుంది. నారు మోకాలు దాటింది. అవ్వ బొమ్మను దుప్పటి విప్పి, ఒడ్డు మీద మోటారు డబ్బాకు ఆనించింది, ముఖాలు పొలం వైపు ఉండేలా. నాట్లకు వచ్చిన ఆడవాళ్లు చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"మేం గిట్ల తొక్కుకుంట ఏస్తే నీ తమ్ముడు కైకిలి ఇస్తడానే?" అంది ఒకామె.

"గందుకే తోలుకొచ్చిన. జర మంచిగ ఏసి సూపియ్యిండ్రి," అంది అవ్వ. చీర మోకాళ్ల పైకి దోపి తనూ దిగింది. నడుము సంగతి నేను గుర్తు చేశాను. వినలేదు.

నేను ఒడ్డు మీద బొమ్మ పక్కన నిలబడ్డాను. వాళ్లు అవతలి చివర మొదలుపెట్టి వెనక్కి, వెనక్కి, మా వైపు వస్తున్నారు. నాలుగు వీపులు. నాలుగోది కొంచెం మెల్లగా. ఒక్క ముఖమూ కనిపించలేదు. ఇవతల బురద తగ్గుతూ, వాళ్ల చేతులు దాటి అవతల పచ్చ పెరుగుతోంది. నేను ఎన్నోసార్లు బస్సు కిటికీలోంచి నాట్లు చూశాను. వాళ్లు ఎటు నడుస్తారో ఒక్కసారీ గమనించలేదు. బొమ్మ గీసినాయనకూ నాకూ తేడా ఏముంది?

సగంలో అవ్వ ఆగింది. చేయి నడుము మీద పెట్టుకుంది. నేను పిలిచాను. వెనక్కి తిరగకుండానే అంది, "మడిమెకు ఒడ్డు తగిలినదాంక ఎనుకకు సూడొద్దు బిడ్డా. సూస్తే సాలు వంకర పోతది." మళ్లీ వంగింది.

చివరికి ఆమె మడమ నా కాళ్ల ముందున్న మట్టికి తగిలింది. అప్పుడు నిలబడింది.

"బిడ్డా, మొఖాలు కనవడ్డయా?"

"లేదవ్వా. వీపులే."

"గంతే."

తర్వాత బొమ్మ వైపు తిరిగి, బురద చేతులు దులుపుకుంటూ, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు అంది, "సూసినవు గద. మల్ల గీసినప్పుడు యాదికుంచుకో."

తిరుగు బస్సులో ఆమెకు నా తప్పు చెప్పాను. మొదటి రోజే నాకు అనుమానం వచ్చిందని, చెల్లెల్ని ఆపలేదని, సగమే చెప్పానని. అవ్వ కిటికీలోంచి చూస్తూ వింది. "నువ్వు సెప్తే మడి ఆపకపోదును. ఆపకుంటే నువ్వు నాటు సూడకపోదువు," అంది. అది క్షమించడమో, లెక్క తేల్చకపోవడమో నాకిప్పటికీ తెలియదు. మూల మడి ఆ పంటకు పొట్టిగానే పండింది. తమ్ముడు చాలా రోజులు ఆ మాట అంటూనే ఉన్నాడు. అవ్వ కాదనలేదు.

ఆ తర్వాత కూడా మా ఇంట్లో బొమ్మల అమ్మకం చూశాం. ఇంకా మూడే మిగిలి ఉన్నాయి. చెల్లెలు ఇంకా నవ్విస్తుంది. కాకపోతే ముందు మిషన్ ఆపి, లేచి, టీవీ దగ్గరికి వెళ్లి చూస్తుంది.

దినాలు అయిపోయాక మొన్న అవ్వ కొడుకు వచ్చాడు. చేతిలో అదే దుప్పటి, అందులో అవ్వ మంచం కింద దాచుకున్న ఆ బొమ్మ.

"ఆపా, ఇది నీకు ఇయ్యుమని చెప్పింది. కామారెడ్డి పోయేటప్పుడు కారుల చెప్పింది. తిప్పి పెట్టుకొమ్మను అన్నది. ఏందో మరి, ఊపిరాడక అన్నదేమో."

"కాదు తమ్ముడూ. తెలిసే అన్నది," అన్నాను.

అతను గడప దగ్గర, అవ్వ కూర్చునే చోట, కాసేపు కూర్చుని వెళ్లాడు.

బొమ్మను తిప్పి గోడకు పెట్టాను. ముఖాలు గోడ వైపు. ఇటు వైపు పలచని ఉత్త గుడ్డ, నాలుగు పక్కలా చెక్క చట్రం, మూలకు నంబరు. రంగు అక్కడక్కడ ఇవతలికి ఊరింది. పైన పచ్చటి మచ్చలు, మధ్యలో వంగినట్టు మూడు మరకలు. చెల్లెలు చాలాసేపు చూసింది.

"ఆపా, ఇటునుంచి చూసినా నాటు తప్పే కదా? బొమ్మలో పచ్చదనం వాళ్ల వీపుల వెనకే కదా ఉంది?"

నాకది తట్టలేదు. నిజమో కాదో చెప్పగల మనిషి ఇప్పుడు లేదు.

"ముందు చూడనీ," అన్నాను.

ఇద్దరం మిషన్లు ఆపి చూశాం. సాయంత్రపు అసర్ వేళ వెలుతురు గుడ్డ మీద పడింది. చట్రం కింది చెక్క పొలం ఒడ్డులా ఉంది. ఆ ముగ్గురూ మా వైపు వీపులు పెట్టి, పచ్చదనం వైపు వంగి ఉన్నారు. వాళ్ల మడమలు ఇంకా ఆ ఒడ్డుకు తగల్లేదు.